పడమంటే పడ్డవాడు

రాజారత్నం సారు షేర్వానీ బొత్తాలు మెడదాకా పెట్టుకుని బడికి బయలుదేరితే, అరుగుల మీద కూర్చున్న పెద్దమనుషులు వేలాడేసిన కాళ్లు వెనక్కి తీసుకునేవారు. ఆ కాస్త మర్యాద కోసం ఆయన ఎండాకాలంలో కూడా ఆ నల్లగుడ్డ విప్పేవాడు కాదు. మెడ చుట్టూ చెమటకాయలు లేచినా సరే, వీపు మండిపోతున్నా సరే, పైబొత్తాం మాత్రం ఊడకూడదు. సూర్యాపేట నుంచి ఆత్మకూరు పోయే దారిలో, పొద్దున్నే నడక మొదలుపెడితే అంబటిపొద్దుకు, అంటే అంబలి తాగే వేళకు, చేరుకునే ఊరది. ఒంటి పంతులు సర్కారు బడి. చెప్పుకోవడానికి మదర్సా, చూడటానికి పాత వడ్లకొట్టం. గోడల సందుల్లోంచి ఇంకా గింజలు రాలుతుండేవి.

ఆ మర్యాద ఆయనకు ఊరికే రాలేదు. పుట్టింది మిర్యాలగూడ పక్క పల్లెలో, వెట్టి చేసే ఇంట్లో. తండ్రి పాపయ్య దొర గడి ముందు బోర్లా పడి "నీ బాంచెన్, కాల్మొక్త" అంటుంటే, చిన్న రత్నం వెనకాల నిలబడి చూసేవాడు. లేచాక తండ్రి గడ్డానికి అంటిన మన్ను తుడుచుకునేవాడు కాదు. తుడుచుకుంటే దొర కంటికి పౌరుషంలా ఆనుతుందని భయం. ఇంటికి వచ్చేదాకా ఆ మన్ను అలాగే ఉండేది. తర్వాత వాళ్లు చర్చిలో చేరారు, పిల్లవాడికి మిషన్ బడి దొరికింది, అక్కడి నుంచి కిందా మీదా పడి ఉర్దూ నేర్చి మిడిల్ పరీక్ష గట్టెక్కాడు. ఉర్దూ వచ్చాక లోకం ఆయనతో వేరే గొంతుతో మాట్లాడింది. తహసీలు కచేరీలో "ఆయియే మాస్టర్ సాబ్" అన్నారే తప్ప, నీది ఏ వాడ అని ఎవరూ అడగలేదు. మరి ఆ భాషంటే ఆయనకు ప్రాణం కాక ఏమవుతుంది? నిజాం సర్కారు బళ్లన్నీ ఉర్దూలోనే నడిచే రోజులు. ఆ ఊళ్లో ఉర్దూ వచ్చిన ఇల్లు ఒక్కటీ లేదు. ఆ సంగతి సర్కారుకూ పట్టలేదు, సారుకూ పట్టలేదు.

ఆయన పాఠం చెప్పే తీరు చూసి తీరవలసిందే. పుస్తకం ఎత్తి పట్టుకుని గొంతు మోగేలా ఒక ముక్క చదివేవాడు. పిల్లలంతా దాన్ని అంతే గట్టిగా అప్పజెప్పేవారు. అయిపోయాక పుస్తకం మూసి "సమఝే?" అనేవాడు. అంటే, అర్థమైందా అని. "జీహా!" అని పిల్లలు కొట్టం పెంకులు ఎగిరిపోయేలా అరిచేవారు. ఇంకేం కావాలి? తనిఖీకి వచ్చిన పెద్ద సారు కూడా గుర్రం దిగకముందే ఆ అరుపు విని మెచ్చుకున్నాడు. పలకలు పంచేటప్పుడు సారు తీసుకోమని ఉర్దూలో "లే, లే" అంటుంటే, పిల్లలందరూ టక్కున లేచి నిలబడేవారు. తన బడిలో ఉన్నంత భయభక్తులు సూర్యాపేటలో కూడా లేవని ఆయన ఎంత పొంగిపోయేవాడో చెప్పలేను.

ఆయన భార్య శాంతమ్మది కోదాడ. కృష్ణా జిల్లా గాలి తగిలిన మాట ఆమెది, అండీ లేకుండా మాట్లాడదు. కొట్టానికి ఆనుకునే వాళ్ల వంటిల్లు. గోడ అవతల పిల్లల అరుపులు వింటూనే ఆమె రోజూ జొన్నరొట్టెలు కొట్టేది. ఒకనాడు అన్నం పెడుతూ, ఆ పిల్లలు అర్థం తెలిసే అరుస్తున్నారంటారా అని అడిగింది. సారుకు చుర్రుమంది. రొట్టెల సంగతి నువ్వు చూసుకో, బడి సంగతి నేను చూసుకుంటాను అన్నాడు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అడిగే మనిషి ఇంట్లో ఒక్కతే ఉంటే, ఆమె నోరూ మూయించి కూర్చున్నాడు మహానుభావుడు.

తొలకరి పడ్డాక ఒక పొద్దున కాటయ్య కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. వాగవతల గొల్లగూడెంలో గొర్రెలు కాచుకునే మనిషి. మనిషి ఇంతెత్తు ఉంటాడు గానీ, బడి గడప దగ్గరికి వచ్చేసరికి వంగిపోయాడు. కొడుకు పేరు బీరప్ప. తండ్రి గొంగడి చింపి చేసిన చిన్న గొంగడి ఒకటి భుజాన, చేతిలో కొత్త పలక. సారు ముఖం కాక, ఆ పలకనే చూసుకుంటున్నాడు వాడు.

గొర్రెలు కాసేవాడికి చదువెందుకని సారు నవ్వుతూనే అడిగాడు. కాటయ్య నేల చూస్తూ చెప్పాడు.

"నాకు గొర్ల భాష తెలుసు గని సర్కారు భాష తెల్వది సారు. గాళ్లు వచ్చి ఏదో ఒకటి అంటరు, నాకు కాళ్లల్ల వణుకు వుడుతది, ఉరుకుత. మావోడు గట్ల ఉరుకొద్దు. గా నాలుగు ముక్కలు నేర్పు. సర్కారోడు మాట్లాడితే బెదరకుంట గాడనే నిలవడాలె. గంతే, ఇంకేం వద్దు."

సారుకు ఆ మాట నచ్చింది. అది తన మాటే కదా. నిలబడటం కోసమే కదా తనూ చదివింది. పిల్లవాడి తల మీద చెయ్యి వేసి, వదిలిపెట్టి పొమ్మన్నాడు.

బీరప్పను ముందు వరసలో కూర్చోబెట్టాడు. పాఠం అయ్యాక కొత్తవాడి గొంతు విందామని వాడిని పిలిచి ఎదురుగా నిలబెట్టాడు. పుస్తకం వాడి ముందు పట్టుకుని వేలు పెట్టి చూపించి "పఢ్" అన్నాడు. చదువు అని. పిల్లవాడు వేలు చూశాడు, సారు ముఖం చూశాడు, ఏమీ చెయ్యలేదు. "పఢ్!" అన్నాడు సారు ఇంకాస్త గట్టిగా. పిల్లవాడు వెనక్కి తిరిగి అందరినీ చూశాడు. మూడోసారి సారు గొంతు పెంచి "పఢ్ రే!" అని గర్జించేసరికి, వాడు భుజం మీది గొంగడి తీసి పక్కన పెట్టి, పలక విరగకుండా దాని మీద పెట్టి, సారు కాళ్ల ముందు నేల మీద బోర్లా పడ్డాడు.

బడి బడంతా గొల్లుమంది.

సారు కంటికి అక్కడ బీరప్ప కనిపించలేదు. గడి వాకిట్లో బోర్లా పడిన పాపయ్య కనిపించాడు. ఈ గొల్ల పిల్లగాడు తన పుట్టుక తెలుసుకుని వచ్చి, నీ తండ్రి ఇట్లా పడేవాడటగా అని పదిమందిలో ఆడి చూపిస్తున్నాడనుకున్నాడు. ఆ నవ్వంతా షేర్వానీ లోపలికి దూరి తన ఒంటిని తడుముతున్నట్టు అనిపించింది. చింతబరికె ఎప్పుడు చేతిలోకి వచ్చిందో ఆయనకే తెలియదు. పడి ఉన్న పిల్లవాడి వీపు మీద, పిక్కల మీద, ఎక్కడ పడితే అక్కడ బాదాడు. బాదుతూ ఉర్దూలోనే తిట్టాడు. పిల్లవాడు లేవలేదు. అదీ ఆయన కోపాన్ని పెంచింది. లేవమని చెప్పలేదు కదా, వాడెందుకు లేస్తాడు? ఆ ముక్క ఆనాడు ఎవరికీ తట్టలేదు. చివరికి శాంతమ్మ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చి బరికె పట్టుకుంటే, అప్పుడు వాడు లేచి ఒకటే ఉరుకుడు. గొంగడీ పలకా బడిలోనే ఉండిపోయాయి.

మరునాడు కాటయ్య వచ్చి వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మావోడు ఏం తప్పు చేసిండో తెల్వదు, తప్పయితే అయింది, మాఫ్ చెయ్యమన్నాడు. వాడు వాగు దాటనంటున్నాడని, రెండు రోజులు ఆగి మళ్లీ తీసుకొస్తానని అన్నాడు. సారు ఆయన ముఖం చూడకుండానే గొంగడి, పలక తెచ్చి చేతిలో పెట్టాడు. "వీడికి చదువు రాదు కాటయ్యా. గొర్రెలు కాసుకోనియ్" అన్నాడు. పంతులు నోట్లోంచి వచ్చిన మాట పల్లెలో రాతి మీద చెక్కినట్టే. కాటయ్య పలక తీసుకుని వాగు దాటిపోయాడు.

ఆ తర్వాత రోజులు బాగా లేవు. పగలు రజాకార్ల భయం, పొద్దుగూకితే సంగపోళ్ల కోసం, అంటే దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టుల కోసం వెతుకులాట, ఎవరింట్లో ఎవరు మిగులుతారో తెలియని కాలం. బడి మూతపడింది. సారు శాంతమ్మను తీసుకుని కోదాడ అత్తవారింట్లో తలదాచుకున్నాడు. యూనియన్ ఫౌజులు వచ్చి నిజాం రాజ్యం పోయాక, ఆ మరుసటి సంక్రాంతి దాటి కొన్నాళ్లకు మళ్లీ అదే ఊళ్లో బడి తెరవమని తాకీదు వచ్చింది. ఈసారి చదువు తెలుగులో చెప్పాలట.

నవ్వుతారేమో, తెలుగులో పాఠం చెప్పడానికి సారు నానా అవస్థలు పడ్డాడు. ఇంట్లో మాట్లాడే మాట బడిలో నోటికి రాదే! పొలం గురించి చెబుతుంటే "ఖేత్" అని వచ్చేది, నీళ్లనబోతే "పానీ" వచ్చేది. కానీ ఆయనను కంగారు పెట్టింది అది కాదు. తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టగానే పిల్లలు ఆయనను ప్రశ్నలు అడగటం మొదలుపెట్టారు. ఇన్నేళ్ల నౌకరీలో ఆయనను ఒక్క పిల్లవాడూ ఏదీ అడిగి ఎరుగడు. ముందు తలబిరుసు అనుకున్నాడు, తర్వాత అలవాటు పడ్డాడు. ఊళ్లో ఆడపిల్లలు కూడా ఇద్దరు ముగ్గురు వచ్చి కూర్చోసాగారు. వాళ్లలో ముత్రాసోళ్ల సక్కుబాయి ఒకతి. నోట్లో మాట దాచుకునే రకం కాదు.

ఆ పిల్లను ఒకరోజు వాచకం చదవమని నిలబెట్టాడు సారు. అలవాటు చొప్పున "పఢో" అని నోరు జారింది. సక్కుబాయి పుస్తకం చూడలేదు. అటూ ఇటూ నేలను చూసింది. గచ్చు మీద పొద్దుటి వాన నీళ్లు మడుగు కట్టి ఉన్నాయి.

"ఏడ పడాలె సారూ? గీడ తడి ఉంది" అని అడిగింది.

ఎవరూ నవ్వలేదు. ఆ అడగటంలో పిల్లలెవరికీ తప్పు కనపడలేదు. పడమంటే ఎక్కడ పడాలో చెప్పాలి కదా. సారు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. పాత పిల్లల వైపు తిరిగి అడిగాడు. నేను ఇదివరకు "పఢో" అంటే మీరేమనుకునేవారు రా అని. చానా దినాలకు ఎరుకైంది సారూ, చదువుమని అన్నట్టు, ముందుగాల పడుమంటున్నవనే అనుకున్నం అని చెప్పారు వాళ్లు. మరి "సమఝే" అంటే? దానికి వాళ్లు ముఖాలు చూసుకున్నారు. నువ్వు గట్లంటే మేం "జీహా" అనాలె, గట్లంటే పాఠం ఖతమైతది, ఇంటికి పోవచ్చు అన్నాడొకడు. "లే" అంటే లేచేది ఎందుకని అడిగే ధైర్యం ఆయనకు లేకపోయింది. తెలుగులో లే అంటే లేవమని కాక ఇంకేమిటి?

ఆ పొద్దు బడి విడిచాక ఆయన ఇంట్లోకి రాలేదు. శాంతమ్మ తొంగి చూస్తే, షేర్వానీ విప్పి కుర్చీ మీద వేసి, ముందు వరసలో పిల్లలు కూర్చునే చోట నేల మీద కూర్చుని ఉన్నాడు. ఖాళీ కుర్చీ వైపు చూస్తూ "పఢ్" అని తనలో తను అనుకుంటున్నాడు. మళ్లీ "పఢ్". కింద కూర్చుని వింటే ఆ మాట అలాగే వినిపించింది. పడు. ఇన్నేళ్లు ఆ కుర్చీలో కూర్చుని తను ఏం చెప్పానన్నదే చూసుకున్నాడు కానీ, ఇక్కడ కూర్చున్నవాడి చెవిలో ఏం పడిందో ఒక్కపూట ఆలోచించిన పాపాన పోలేదు.

"ఆ గొల్లపిల్లాడు గుర్తొచ్చాడాండీ?" అంది శాంతమ్మ గుమ్మంలో నిలబడి.

ఆయన తల ఊపాడు. "వాడు నన్ను వెక్కిరించలేదు శాంతా. నేను చెప్పిన పనే చేశాడు. బడి మొత్తంలో నా మాట విన్నవాడు వాడొక్కడే. వాణ్నే కొట్టాను" అని ఏడ్చేశాడు. ఆయన ఏడవగా చూడటం ఆమెకు అదే మొదలు. ఇన్నాళ్లకైనా మనిషి దారికి వచ్చాడని ఆమెకు సంతోషమే కలిగిందట. ఏడ్చి ఊరుకుంటే ఏమొస్తుంది, వెళ్లి పిల్లాణ్ని తీసుకురండి, ఇప్పుడు తెలుగే కదా చదువు, ఇట్టే పట్టుకుంటాడు అంది.

ఆ మాట ఆయనకు ఊపిరి పోసింది. వాడికి ఇప్పుడు పదకొండేళ్లో ఎన్నో ఉంటాయి, పెద్దవాడయ్యాడు, అయితేనేం? తన పక్కన కూర్చోబెట్టుకుని సాయంత్రాలు విడిగా చెబుతాడు. ఏడాదిలో వాచకం పూర్తి చేయిస్తాడు. ముందు ఆ తండ్రి ముందు నిలబడి, మీ వాడికి చదువు రాదన్నది నా తప్పు, నాకే చెప్పడం రాదు అని ఒప్పుకుంటాడు. ఈ మాటను ఆయన నాలుగైదు రకాలుగా మనసులో అమర్చుకున్నాడు. బడి మళ్లీ తెరిచాక ఏ పాఠానికీ అంత సిద్ధపడలేదు.

వాగవతల గూడేనికి వెళ్తే కాటయ్య గుడిసెకు తడిక కట్టి ఉంది. మంద తోలుకుని నేరేడుచర్ల దిక్కు పోయారు, అక్కడ కోసిన వరిమళ్లలో మంద పెడుతున్నారు, ఏడాది దాటె, ఇటు మొకాన రాలేదు అన్నారు గూడెంవాళ్లు. ఎరువు కోసం రైతులు గొర్రెల మందను పొలంలో పడుకోబెట్టించుకుంటారు కదా, అదీ వాళ్ల బతుకు. సారు ఎండాకాలం సెలవులు ఇచ్చేదాకా ఆగాడు. అప్పుడు శాంతమ్మ అటుకులు మూట కడితే, ఒక కొత్త పలక, తెలుగు వాచకం సంచిలో వేసుకుని, షేర్వానీ ఇంట్లోనే వదిలేసి ఉత్త చొక్కాతో బయలుదేరాడు. సూర్యాపేటలో బస్సు ఎక్కి మిర్యాలగూడ చేరాడు. తండ్రి సమాధి ఉన్న ఊరి వైపు ఒకసారి చూశాడు గానీ అటు పోలేదు. వచ్చేటప్పుడు పిల్లవాడు వెంట ఉంటాడు, అప్పుడు పోదాం అనుకున్నాడు. అక్కడి నుంచి వడ్ల బండి ఒకటి దొరికితే ఎక్కి, మిగతా దూరం అడుగుతూ అడుగుతూ నడిచాడు.

కాటయ్య చెరువు కింది మళ్లలో కనిపించాడు. సారును ఆనవాలు పట్టడానికి ఆయనకు కాసేపు పట్టింది. షేర్వానీ లేని సారును ఆయన ఎప్పుడు చూశాడు గనక? పట్టాక గబగబా వచ్చి, గొంగడి పరిచి కూర్చోమన్నాడు. కాటయ్య భార్య ముత్తమ్మ ముంతలో మజ్జిగ తెచ్చింది. తల వంచుకుని పక్కనే కూర్చుంది. గొర్రెలు నీడకు చేరి ఒకదాని పొట్ట కింద ఒకటి తలలు దూర్చుకుని నిలబడ్డాయి. సారు కళ్లు మంద చుట్టూ తిరుగుతున్నాయి. పిల్లవాడు ఎక్కడా లేడు.

మజ్జిగ తాగక ముందే సారు తను అమర్చుకొచ్చిన మాటలు మొదలుపెట్టాడు. మీ వాణ్ని తీసుకుపోవడానికి వచ్చానన్నాడు. ఇప్పుడు తెలుగు చదువు వచ్చిందన్నాడు. సంచిలోంచి పలక తీసి గొంగడి మీద పెట్టాడు. ముత్తమ్మ ఆ పలకను చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. కాటయ్య పలకను తాకలేదు.

"లేడు సారు" అన్నాడు. "పోయిన సలికాలం పోయిండు."

జ్వరమా అని అడిగాడు సారు. జ్వరమే కావాలని ఆయన మనసు ఎంత కోరుకుందో దేవుడికి తెలియాలి.

జ్వరం కాదు. సంగపోళ్లు దాక్కున్నారని ఆ చెరువు వెనక గుట్టను యూనియన్ ఫౌజు తుపాకులవాళ్లు గాలిస్తున్న రోజులవి. తెల్లవారుజామున బీరప్ప తప్పిపోయిన గొర్రెపిల్లను వెతుక్కుంటూ గుట్ట వారకు పోయాడు. మంచులో గొంగడి కప్పుకున్న మనిషి కనిపించేసరికి వాళ్లు కేక వేశారు. రెండు సార్లు, మూడు సార్లు వేశారు. పిల్లవాడు కేక వినగానే ఉరికాడు. వాళ్లు పేల్చారు. దగ్గరికి వచ్చి చూసి, పిల్లవాడని తెలుసుకుని, వాళ్లలో ఒకడు నెత్తి కొట్టుకున్నాడట. ఇదంతా కాటయ్య గొర్రె చచ్చిన సంగతి చెప్పినంత మెల్లగా చెప్పాడు. ఏడవడానికి ఆయన దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

ముత్తమ్మ తల ఎత్తకుండానే అంది. "బడి కాడికెల్లి ఉరికొచ్చినప్పటి సంది వానికి గదే బెదురు. గా సర్కారు భాష గట్టిగ ఇనవడితే సాలు, ఎవలు, ఏంది అని సూడకపోవు. ఉరుకుడే."

సారు తాగని ముంత కింద పెట్టాడు. ఆమె నిష్టూరంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. సారు అన్ని రకాలుగా అమర్చుకుని వచ్చిన మాటల్లో ఒక్కటీ అక్కడ పనికి రాలేదు. అప్పుడు కాటయ్య కాస్త ముందుకు జరిగి, అడగొచ్చో అడగకూడదో అన్నట్టు అడిగాడు.

"సారూ, నువ్వు సదువుకున్నోనివి. ఒక్క మాట జెప్పు. గాళ్లు 'రుకో, రుకో' అని మొత్తుకున్నరు. నేను మంద కాడ ఉండి ఇన్న. నాకు తెల్వలె. రుకో అంటే ఏంది?"

పంతులు పని చేసినన్నాళ్లూ అర్థం అడిగే పిల్లవాడి కోసం ఎదురు చూడని మనిషిని, ఇప్పుడు ఒకాయన అర్థం అడుగుతున్నాడు. చెప్పక తప్పదు.

"ఆగు అని కాటయ్యా" అన్నాడు.

"ఆగు అనా?"

"ఆఁ. ఆగు అని."

కాటయ్య ఆ మాటను నోట్లోనే ఒకసారి తిప్పుకున్నాడు. గుట్ట వైపు చూశాడు. "ఆగుమనిండ్రా" అన్నాడు. "ఆగుమంటే ఆగేటోడే సారు మావోడు. సెప్పిన మాట ఇనేటోడు."

ఆ మాట నిజమని లోకంలో అందరికంటే బాగా తెలిసినవాడు రాజారత్నం. పడమంటే పడ్డవాడు, ఆగమంటే ఆగడా? ఎవరైనా తెలిసేలా చెబితే కదా. ఆయన గొంగడి మీద నుంచి లేచి, ఏం చేస్తున్నాడో తెలియకుండానే, కాటయ్య కాళ్ల ముందు ఆ కోసిన మడిలో బోర్లా పడ్డాడు. కాటయ్య బెంబేలెత్తి "అయ్యో, లే సారు, లే, నీ అసొంటోడు గిట్ల పడొద్దు" అంటూ రెండు చేతులా లేవదీశాడు. సారు గడ్డానికి మన్ను అంటింది. ఆయన తుడుచుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు పలక అక్కడే వదిలేసి వచ్చాడు. మిర్యాలగూడ దాకా వచ్చి కూడా తండ్రి సమాధి దగ్గరికి వెళ్లలేదు.

తొలకరికి ఆయనకు కోదాడ బదిలీ అయింది. శాంతమ్మ పుట్టినూరు. ఇద్దరూ మూటాముల్లె సర్దుకుని వెళ్లారు. అక్కడ ఆయనను చూసినవాళ్లు ఈ పంతులుకు కాస్త పిచ్చి అనుకున్నారు. బడి విడిచాక రోజూ కాసేపు పిల్లల చోట నేల మీద కూర్చునేవాడు, ఒకరోజు కిటికీ పక్కన, ఒకరోజు వెనక గోడకు ఆనుకుని. పొద్దుట తను చెప్పిన మాటలు ఒక్కొక్కటే అక్కడి నుంచి వినుకునేవాడు. "అర్థమైందా?" అని బడిలో అడగటం మానేశాడు. నేను చెప్పింది నువ్వు నాకు చెప్పు అనేవాడు. పిల్లవాడు తప్పు చెబితే, నేను ఎక్కడ తప్పు చెప్పానో అని తల పట్టుకునేవాడు. వీరేశం అనే తోటి పంతులు, ఇట్లా అయితే వాచకం ఎప్పటికి అవుతుందని ఎగతాళి చేస్తే, కాకపోతే కాకపోనియ్ అన్నాడట. కోదాడ పిల్లల మాట కొంత ఇటూ కొంత అటూ ఉంటుంది. లంబాడి తండా నుంచి బాల్యా అని ఒకడు వచ్చేవాడు, వాడికి తెలుగూ అంతంత మాత్రమే. వాడు బిత్తర చూపు చూస్తే చాలు, సారు పుస్తకం పక్కన పెట్టేసి, మీ తండాలో దీన్ని ఏమంటారు నాయనా అని అడిగి, ఆ మాట నేర్చుకుని అప్పుడు పాఠం మొదలుపెట్టేవాడు. బరికె ఊసే లేదు. పిల్లలు బాగుపడ్డారు. ఆయన మాత్రం బాగుపడలేదు, ఆ దిగులు అలాగే ఉండిపోయింది.

కొత్త పిల్లలు చేరినప్పుడు ఆయన చెప్పే మొదటి పాఠం అక్షరాలు కాదు. అందరినీ బడి వెనక ఖాళీ జాగాలోకి తీసుకెళ్లి పరుగెత్తమనేవాడు. వాళ్లు పరుగెత్తుతుంటే వెనక నుంచి "ఆగు!" అనేవాడు. ఆగాలి. తర్వాత "రుకో!" అనేవాడు. దాని అర్థం ముందే చెప్పి ఉంచేవాడు, ఆగాలి. బాల్యా దగ్గర నేర్చుకున్న తండా మాటతో కూడా ఒకసారి అరిచేవాడు. ఎవరు ఏ భాషలో అరిచినా బెదరకుండా అక్కడే నిలబడాలి, అదీ ఆట. పిల్లలకు అది ఎంత ఇష్టమో! పడీ లేచీ నవ్వుకుంటూ ఆగేవారు. అందరూ ఆగిపోయాక కూడా సారు వాళ్లను లోపలికి రమ్మనేవాడు కాదు. వాళ్ల తలల మీదుగా, జాగా అవతలి తుమ్మల దాకా, చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండేవాడు.

ఒకసారి ఆ చూపు ఎంతకీ తెగకపోయేసరికి, ముందు నిలబడ్డ చిన్నపిల్ల విజయలక్ష్మి ఓపిక పట్టలేకపోయింది.

"అందరం ఆగామండీ. ఇంకా ఎవరన్నా ఉరుకుతున్నారా?" అని అడిగింది.

"ఒకడున్నాడమ్మా" అన్నాడు సారు.

ఆ పిల్ల కూడా అటు తిరిగి చూసింది. తుమ్మల దగ్గర ఎవరూ లేరు. సారు కాసేపటికి చెయ్యి దించి, పదండి, లోపలికి పోయి చదువుకుందాం అన్నాడు.